బరంపురం, పర్లాకిమిడి వైపు విదేశీ నాణేలు కొనేవారు జాగ్రత్త

గంజాం, గజపతి, రాయగడ జిల్లాల్లో పాత విదేశీ నాణేలు సేకరించే తెలుగువారికి ఈ సంగతి చేరాలని రాస్తున్నాను. ఫోనుకు ముందుగా ఫొటోలు పంపి, బరంపురంలో లాడ్జి గది తీసుకుని నాణేలు అమ్మే వ్యాపారి ఒకడు తిరుగుతున్నాడు. దుకాణం లేదు, రసీదు ఇవ్వడు. ఒడిశాలో మన భాష మాట్లాడేవాడు కనిపించాడంటే మనకు కలిగే ఆత్మీయతే అతని పెట్టుబడి.

అతని దగ్గర నేను కొన్నవి రెండు. మొదటిది 1780 అని ఉన్న మరియా థెరీసా థాలర్, అంటే ఆస్ట్రియా మహారాణి బొమ్మ ఉన్న వెండి నాణెం. ఇది నిజమైన వెండే. మోసమంతా వయసులో ఉంది. ఆ మహారాణి 1780లో మరణించిన తరువాత కూడా అదే సంవత్సరం వేసి ఆ నాణేన్ని వియన్నాలోనే కాదు, లండన్, రోమ్, బొంబాయి టంకశాలల్లోనూ పదే పదే ముద్రించారు. ఇరవయ్యో శతాబ్దపు ముద్రణ అయినా 1780 అనే ఉంటుంది. దాని బరువు సుమారు 28.07 గ్రాములు, వెయ్యికి 833 పాళ్లు వెండి. అలాంటి మలి ముద్రణకు వెండి ధర మీద కాస్త ఎక్కువ ఇవ్వవచ్చు. అతను మాత్రం ‘మహారాణి బతికుండగా పోసినది’ అంటూ అంతకు ఎన్నో రెట్లు తీసుకున్నాడు.

రెండోది పచ్చి నకిలీ. 1895 నుంచి 1935 వరకు తూర్పు ఆసియా వ్యాపారం కోసం ఎక్కువగా మన బొంబాయి, కలకత్తా టంకశాలల్లోనే తయారైన బ్రిటిష్ ట్రేడ్ డాలర్ అనే వెండి నాణేనికి నకలు అది. అసలుది 26.95 గ్రాములు తూగాలి, 90 శాతం వెండి ఉండాలి. బొంబాయి ముద్రణ అయితే బ్రిటానియా (బ్రిటన్‌కు గుర్తుగా వేసే స్త్రీ బొమ్మ) చేతిలోని త్రిశూలం మధ్య మొన మీద చిన్న ఇంగ్లీషు ‘బి’ అక్షరం కనిపిస్తుంది. నాకు అంటగట్టిన దాంట్లో అక్షరం బదులు చిన్న ముద్ద ఉంది. నగల దుకాణంలో తూకం వేయిస్తే 22 గ్రాములు కూడా లేదు. ఫోను చేసి అడిగితే ‘వందేళ్లు చేతులు మారింది కదండీ, అరిగిపోయి ఉంటుంది’ అన్నాడు. అక్షరాలు, అంచు గీతలు చెక్కుచెదరకుండా బరువు మాత్రమే ఐదు గ్రాములు అరిగిందట! ఆ తరువాత ఫోను ఎత్తలేదు.

అయస్కాంతం పెట్టి చూపిస్తే నమ్మకండి, ఇత్తడికీ అయస్కాంతం అంటదు. నాణేన్ని మామూలుగా ఒకసారి, దారంతో నీటిలో వేలాడదీసి ఒకసారి తూచండి. నీటిలో ఎంత బరువు తగ్గిందో చూసి, మొదటి బరువును ఆ తగ్గుదలతో భాగిస్తే ఈ డాలరుకు 10.3 దగ్గర రావాలి. ఇత్తడి అయితే ఎనిమిదిన్నర చుట్టూ ఆగిపోతుంది.

అమ్మేవారూ ఇతనితో జాగ్రత్త. గోపాల్‌పూర్ రేవు నుంచి రంగూన్ వెళ్లి వచ్చిన కుటుంబాల్లో ఇప్పటికీ నెమలి బొమ్మ ఉన్న బర్మా వెండి నాణేలు ఉంటాయి. వాటి మీద ఉండే బర్మా శకం 1214 అంటే మన లెక్కలో 1852-53, బర్మాలో మిండాన్ రాజు గద్దెనెక్కిన కాలం. వీటిని పాత పట్టీల్లా తూకానికి కొని, మర్నాడే ‘అరుదైన నాణెం’ అని ఫొటో పెడుతున్నాడు. విదేశంలో కొనేవారున్నారు, పార్సిల్ చేయండి అని ఎవరైనా అన్నా ఒప్పుకోకండి. వందేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, మనలాంటివారు దేశం దాటించడం నేరం. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి ముందుగా రుసుము అడిగేవారి గురించి ఆ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

సొంతంగా వ్యాపారం చేసుకునేవారందరూ ఇలా ఉండరు. నేను చాలాకాలంగా కొంటున్న ఒక పెద్దాయన తక్కెడ బల్ల మీదే ఉంచుతారు. బిల్లు మీద సంవత్సరం, బరువు రాసి, మలి ముద్రణ అయితే ఆ మాట కూడా రాస్తారు. ‘రేపు నేనే తిరిగి అమ్మితే ఎంతకు తీసుకుంటారు?’ అంటే తడుముకోకుండా చెబుతారు. లాడ్జి వ్యాపారిని ఇదే అడిగితే మాట మార్చాడు.

ఇతని దగ్గర ట్రేడ్ డాలర్ కొన్నవారు ముందు తూకం వేయించండి. తేడా వస్తే నాణేన్ని ఇంకొకరికి అమ్మకుండా దాచండి. అతనితో సాగిన సందేశాలు, చెల్లింపు వివరాలు తుడిచేయకండి. డబ్బు ఫోను ద్వారా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.