అమ్మ చెవి మిషన్: వినికిడి బాగుంది, బ్యాటరీతోనే తంటా

అమ్మకి చెవి వెనక పెట్టుకునే మిషన్ కొన్నాం. వినికిడి విషయంలో ఏ లోటూ లేదు. నలుగురూ మాట్లాడుకుంటుంటే తలూపి ఊరుకునే మనిషి, ఇప్పుడు మధ్యలో అందుకుని ఎదురు ప్రశ్నలు వేస్తోంది. నాకు అదే పెద్ద సంతోషం.

ఇబ్బందల్లా బ్యాటరీతోనే. 312 సైజు, 8 మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. గోధుమరంగు స్టిక్కర్ పీకి, గాలి తగిలేలా ఒక నిమిషం ఆగి, ప్లస్ గుర్తు చూసి పెట్టాలి. వేళ్లు వణికే, కళ్లు సరిగా ఆనని మనిషికి ఇది అయ్యే పనేనా? పిల్లలు దూరంగా ఉండే ఇళ్లలో ఎవరు మారుస్తారు? వాడేది ఎక్కువగా పెద్దవాళ్లేనని తెలిసీ ఇలా తయారు చేస్తే కోపం రాదా! ఒంటరిగా ఉండేవాళ్లకైతే ఛార్జింగ్ పెట్టుకునే రకమే తీసుకోండి. కొనేముందు వాళ్ల చేతికే ఇచ్చి, పెట్టించి, తీయించి చూడండి.