మాటతో వెలిగే దీపం: పర్లాకిమిడిలో నెల రోజుల పరీక్ష

పక్షవాతంతో కుడిచేయి పడిపోయిన మా అమ్మగారి కోసం, ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా ఇంట్లో మాట వినే స్పీకరు, రెండు స్మార్ట్ బల్బులు, ఫ్యానుకు ఒక స్విచ్చు పెట్టించి నెల రోజులు గమనించాను. మేము కొన్న స్పీకరుకు తెలుగు రాదు. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడే 72 ఏళ్ల మనిషి, అందునా మాట ముద్దగా వచ్చే మనిషి, దీపం కోసం హిందీ నేర్చుకోవలసి రావడం నన్ను చాలా బాధించింది. ఇటువంటి వారి చేత ముందుగా వాడించి చూసి ఉంటే ఈ లోపం తయారీదారులకు తప్పక తెలిసేది. బల్బులు వైఫై మీదే నడుస్తాయి కనుక, కరెంటు పోయినా వైఫై ఆగకుండా రౌటరును ఇన్వర్టరుకు కలపవలసి వచ్చింది. అయినప్పటికీ, అర్ధరాత్రి ఎవరినీ లేపకుండా తానే దీపం వేసుకున్న రోజున అమ్మ ముఖంలో కనిపించిన ధీమా చూశాక వీటిని తీసివేయడానికి మనసొప్పలేదు. ఎడమచేతికి అందేలా మంచం పక్కన ఒక మామూలు మీట కూడా బిగించాము.