క్యాబేజీ పురుగుకు ఏది మేలు: బి.టి.నా, స్పైనోసాడా, ఎమామెక్టినా?

క్యాబేజీ, కాలీఫ్లవర్‌లో డైమండ్ రెక్కల పురుగుకు కొట్టే మందుల్లో ఈ మూడింటికీ మూలం బ్యాక్టీరియానే. అలాగని మూడూ ఒకలా పనిచేయవు, మూడింటి ప్రమాదమూ ఒకటి కాదు.

నా ఓటు ముందుగా బి.టి.కే, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియాకే. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు చచ్చిపోతుంటే ఇషివతా అనే శాస్త్రవేత్త ఈ బ్యాక్టీరియాను కనిపెట్టారు. ఇది తయారుచేసే స్ఫటిక ప్రోటీన్ పురుగు పేగులోని క్షారానికి కరిగి, పేగు గోడకు రంధ్రాలు చేస్తుంది. పురుగు కొన్ని గంటల్లోనే తినడం మానేస్తుంది, చావడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. సాయంత్రం కొట్టి పొద్దున్నే చూసి "మందు పనిచేయలేదు" అని టెన్షన్ పడక్కర్లేదు. మన పొట్టలో ఉండేది ఆమ్లం, పైగా ఆ ప్రోటీన్ మన పేగుకు అతుక్కోదు. తేనెటీగలకూ, అక్షింతల పురుగులకూ భయం లేదు.

చిక్కంతా ఎండతోనే. ఎండ తగిలితే కొద్ది రోజుల్లోనే దీని బలం పోతుంది. పురుగు చిన్నగా ఉన్నప్పుడే, సాయంత్రం పూట, ఆకు అడుగు భాగం తడిసేలా లీటరు నీటికి ఒక గ్రాము కలిపి కొట్టాలి. హిందూపురం, మదనపల్లె వైపు పక్కన మల్బరీ తోట ఉంటే మాత్రం దీని జోలికి పోవద్దు. పట్టుపురుగులు కూడా చస్తాయి.

పురుగు ఎదిగిపోయిందా? అప్పుడు స్పైనోసాడ్, లీటరుకు 0.3 మి.లీ. కరీబియన్ దీవుల్లో మూతపడిన ఒక రమ్ము బట్టీ దగ్గర 1982లో తీసిన మట్టిలో దీని బ్యాక్టీరియా దొరికింది. ఇది నరాల మీద పనిచేస్తుంది, పురుగు ఒంటికి తగిలినా చాలు. తడి ఆరేదాకా తేనెటీగలకు విషమే, అందుకే ఇదీ సాయంత్రమే కొట్టాలి.

ఎమామెక్టిన్‌ను చివరికి ఉంచుతాను. సతోషి ఒమురా అనే శాస్త్రవేత్త జపాన్ మట్టిలో పట్టుకున్న బ్యాక్టీరియా ఇచ్చిన అవెర్మెక్టిన్‌ను ఫ్యాక్టరీలో మార్చి దీన్ని చేస్తారు. అవెర్మెక్టిన్‌ను కనిపెట్టినందుకు 2015లో నోబెల్ వచ్చింది. ఎమామెక్టిన్ ఆకులోకి ఇంకుతుంది కాబట్టి గట్టిగా పనిచేస్తుంది. కానీ మూడింటిలో మనిషికి ఎక్కువ ప్రమాదం దీనితోనే. సేంద్రియ సాగులో దీనికి చోటు లేదు.

ఏది మొదలుపెట్టినా అదే మళ్లీ మళ్లీ కొట్టకండి. హవాయిలో ఈ పురుగే మొదట బి.టి.కి, తర్వాత స్పైనోసాడ్‌కూ లొంగకుండా తయారైంది.