గుండె రోగికి ముందేం జరగబోతోంది? పాత స్కోరా, లాజిస్టిక్ రిగ్రెషనా, మెషీన్ లెర్నింగా: ఏది మేలు?

గుండెపోటుతో చేరిన మనిషి క్షేమంగా డిశ్చార్జ్ అవుతాడా? హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరి ఇంటికెళ్లిన మనిషి నెల తిరక్కుండా మళ్లీ అడ్మిట్ అవుతాడా? కేస్ షీట్లలోని అంకెలతో ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఇప్పుడు మూడు దారులున్నాయి. ఒకటి, డాక్టర్లు ఎప్పటినుంచో వాడుతున్న పాయింట్ల స్కోరు. రెండు, సొంత రికార్డుల మీద కట్టుకునే లాజిస్టిక్ రిగ్రెషన్, అంటే ఒక్కో అంశానికి ఒక బరువు ఇచ్చి, అన్నీ కూడి, రిస్క్‌గా మార్చే సూత్రం. మూడు, మెషీన్ లెర్నింగ్: ర్యాండమ్ ఫారెస్ట్, గ్రేడియంట్ బూస్టింగ్ (రెండూ ‘అవునా, కాదా’ అంటూ కొమ్మలుగా చీలే వందల చెట్లను కలిపేవే), న్యూరల్ నెట్‌వర్క్ లాంటి భారీ సరంజామా. కొత్తది కాబట్టి మూడోదే మెరుగని చాలామంది అనుకుంటారు. నా ఓటు ముందే చెప్పేస్తాను. వరుసలూ కాలమ్‌లుగా ఉన్న రికార్డులైతే రెండోదానితో మొదలుపెట్టాలి, మూడోది తన విలువ చూపించుకున్నాకే దాని జోలికి పోవాలి. ఈసీజీ లాంటి ముడి సంకేతాలైతే లెక్క వేరు, దాని సంగతి తర్వాత.

పాత స్కోర్లను తీసిపారేయడానికి లేదు. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ పట్టణంలో 1948లో 5,209 మందితో మొదలైన అధ్యయనం నుంచే బీపీ, కొలెస్ట్రాల్, పొగ తాగడం వంటివాటిని కలిపి రిస్క్ లెక్కగట్టే పద్ధతి వచ్చింది. గుండెపోటు రోగులకు వాడే గ్రేస్ స్కోరుకు ఎనిమిది సంగతులు తెలిస్తే చాలు: వయసు, నాడి వేగం, పై బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), గుండె బలహీనత లక్షణాల తీవ్రత, చేరేటప్పటికే గుండె ఆగిందా, ఈసీజీలో ఎస్‌టీ మార్పులున్నాయా, గుండె ఎంజైములు పెరిగాయా. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టరు కూడా నిమిషంలో తేల్చుకోవచ్చు. ఏ పాయింటు ఎక్కడి నుంచి వచ్చిందో కళ్లముందే ఉంటుంది.

చిక్కల్లా ఒకటే. స్కోరు ఎవరి మీద పుట్టిందో వాళ్లకే అది బాగా నప్పుతుంది. ఫ్రేమింగ్‌హామ్‌లో తొలుత చేరినవాళ్లు దాదాపు అందరూ తెల్లజాతివాళ్లు. వేరే జనాభాకు అదే సూత్రం పెడితే కొన్నిచోట్ల రిస్క్ ఎక్కువగా, కొన్నిచోట్ల తక్కువగా చూపింది. అందుకే సొంత రికార్డుల మీద మోడల్ కట్టుకోవాలన్న ఆలోచన సబబే. కట్టడానికి ఏ పనిముట్టు వాడాలన్నదే అసలు పేచీ.

ఇక్కడ 2017లో బ్రిటన్‌లో వచ్చిన ఒక అధ్యయనాన్ని కాస్త నిదానంగా చూడాలి. 3,78,256 మంది రికార్డులు తీసుకుని, పదేళ్లలో ఎవరికి గుండెజబ్బో పక్షవాతమో వస్తుందో అంచనా కట్టారు. ఏయూసీ అనే కొలత వాడారు. జబ్బు వచ్చినవాళ్లలో ఒకరినీ రానివాళ్లలో ఒకరినీ పక్కపక్కన నిలబెడితే, వచ్చినవాళ్లకే మోడల్ ఎక్కువ రిస్క్ ఇచ్చే అవకాశం ఎంతో అది చెబుతుంది. 0.5 అంటే బొమ్మా బొరుసూ వేసినట్టే, 1 అంటే తిరుగులేదు. అమెరికా కార్డియాలజీ సంస్థల పాత సూత్రానికి 0.728 వచ్చింది, న్యూరల్ నెట్‌వర్క్‌కు 0.764. పాత పద్ధతి కంటే అదనంగా 355 మందిని సరిగ్గా పట్టింది. వార్తల్లో ఇదే వచ్చింది: మెషీన్ లెర్నింగ్ డాక్టర్ల సూత్రాన్ని ఓడించిందని.

ఆ పట్టికలోనే మిగతా వరుసలు చూడండి. గ్రేడియంట్ బూస్టింగ్‌కు 0.761, ర్యాండమ్ ఫారెస్ట్‌కు 0.745, మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్‌కు 0.760. అంటే దశాబ్దాల నాటి పద్ధతి ర్యాండమ్ ఫారెస్ట్‌ను దాటేసి, న్యూరల్ నెట్‌వర్క్‌కు 0.004 దూరంలో ఆగింది. మరి పాత సూత్రంతో వచ్చిన తేడా ఎక్కడిది? కొత్త మోడళ్లకు చాలా ఎక్కువ కాలమ్‌లు ఇచ్చారు, పైగా ఏ డేటాబేస్‌లో పరీక్షించారో ఆ డేటాబేస్ మీదే వాటికి శిక్షణ ఇచ్చారు. పాత సూత్రమేమో వేరే దేశంలో పుట్టి, ఉన్నదున్నట్టుగా ఇక్కడ పరీక్షకు కూర్చుంది. గెలుపులో పెద్ద వాటా సొంత రికార్డులది, ఎక్కువ సమాచారానిది. ఆల్గారిథమ్ వాటా చివరి ముక్క మాత్రమే.

ఇదొక్కటే అయితే యాదృచ్ఛికమని అనుకోవచ్చు. 2019లో 71 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, పక్షపాతానికి పెద్దగా అవకాశం లేని పోలికల్లో మెషీన్ లెర్నింగ్‌కు లాజిస్టిక్ రిగ్రెషన్ మీద సగటున ఆధిక్యమే కనబడలేదు. హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరి ఇంటికెళ్లినవాళ్లు 30 రోజుల్లో తిరిగి చేరతారా అన్న ప్రశ్నను 2017లో 56,477 మంది మీద పరీక్షిస్తే, ర్యాండమ్ ఫారెస్ట్, బూస్టింగ్, లాజిస్టిక్ అన్నీ 0.62 చుట్టుపక్కలే చతికిలబడ్డాయి. నాకిందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆ రోగి ఉప్పు తగ్గించాడా, ఒంట్లో నీరు తీసే మాత్ర రోజూ వేసుకున్నాడా, బరువు పెరిగితే గమనించేవాళ్లు ఇంట్లో ఉన్నారా: తిరిగి చేరడాన్ని తేల్చేవి ఇలాంటివి. ఇవి కేస్ షీట్‌లో ఉండవు. లేనిదాన్ని ఏ ఆల్గారిథమూ తవ్వి తీయలేదు.

మరి బూస్టింగ్‌కు న్యాయం చేయాలంటే 2021 నాటి అధ్యయనం చెప్పుకోవాలి. గుండెపోటుతో చేరిన 7,55,402 మందిలో ఎవరు ఆస్పత్రిలోనే చనిపోతారన్న ప్రశ్న అది. ఎక్కువ రిస్క్ ఉన్నవాళ్లనూ తక్కువ ఉన్నవాళ్లనూ వేరుచేయడంలో కొత్త పద్ధతులు చెప్పుకోదగ్గ మెరుగుదల చూపలేదు. గ్రేడియంట్ బూస్టింగ్‌లో ఒక రకమైన ఎక్స్‌జీబూస్ట్‌కు మేలు దొరికింది ఇంకోచోట, క్యాలిబ్రేషన్‌లో. మోడల్ వందమంది రోగులకు తలా 20 శాతం రిస్క్ అని చెబితే వాళ్లలో ఇంచుమించు ఇరవైమందికే అలా జరగాలి, అదీ క్యాలిబ్రేషన్. ప్రమాదం ఎక్కువున్న రోగుల విషయంలో బూస్టింగ్ ఇచ్చిన అంకె నిజానికి మరింత దగ్గరగా ఉంది. రోగి బంధువులతో మాట్లాడే డాక్టరుకు కావలసింది ఆ అంకే. వరుసక్రమం బాగుండి అంకె తప్పయితే, 5 శాతం ఉన్నవాళ్లకు 25 శాతమని చెప్పి హడలగొట్టినట్టవుతుంది. ఏయూసీ ఈ తప్పును అసలు పట్టించుకోదు. లక్షల్లో రికార్డులుంటే బూస్టింగ్‌కు ఓ అవకాశం ఇవ్వవచ్చని నేననేది అందుకే.

లక్షలు లేనప్పుడు ఏమవుతుందో చూడాలంటే, నేర్చుకునేవాళ్లందరి చేతుల్లో నలిగిన ఒక డేటాసెట్ ఉంది. పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్‌లో 2015లో చికిత్స పొందిన 299 మంది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల రికార్డులవి. వాళ్లలో 96 మంది చనిపోయారు, 203 మంది ఫాలో-అప్ ముగిసేసరికి బతికే ఉన్నారు. దీనిమీద తొంభై శాతానికి పైబడిన కచ్చితత్వం సాధించామని చెప్పుకునే ప్రాజెక్టులు కోకొల్లలు. లెక్క వేసి చూడండి. కళ్లు మూసుకుని అందరూ బతుకుతారని చెప్పినా 68 శాతం వచ్చేస్తుంది. ఇరవై శాతం పరీక్షకు పక్కనపెడితే మిగిలేది 60 మంది. వాళ్లలో ఒక్క రోగి అటూ ఇటూ అయితే కచ్చితత్వం 1.7 శాతం ఊగుతుంది. ఒక మోడల్‌కు 85, ఇంకోదానికి 88 వచ్చాయని రెండోదానికి కిరీటం పెట్టడం ఇద్దరు రోగుల తేడాతో పందెం నెగ్గడమే.

అంతకంటే పెద్ద లొసుగు ఇందులో ఇంకోటుంది. ‘టైమ్’ అనే కాలమ్. రోగిని ఎన్ని రోజులు ఫాలో-అప్ చేశారో అది. చనిపోయినవాళ్ల ఫాలో-అప్ చావుతోనే ఆగిపోతుంది కాబట్టి వాళ్ల అంకె సాధారణంగా చిన్నది. ఈ కాలమ్ ఇస్తే ఏ మోడలైనా మెరిసిపోతుంది, ఎందుకంటే అది ప్రశ్నపత్రంతోపాటు జవాబునూ అందుకుంది. అంచనా కట్టాల్సిన రోజున, అంటే రోగి మంచం మీద ఉన్న రోజున, ఆ అంకె ఎవరి దగ్గరా ఉండదు. ఫాలో-అప్ కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే దానికి పద్ధతి వేరే ఉంది: ఎంతకాలానికి ఏం జరిగిందో లెక్కగట్టే సర్వైవల్ విశ్లేషణ. అందులో 1972 నుంచీ ఉన్న కాక్స్ మోడల్ వాడాలి, లేదా ఈ పనికని మలచిన ర్యాండమ్ ఫారెస్ట్. ఇదే డేటాసెట్‌ను 2020లో పరిశీలించిన ఇద్దరు పరిశోధకులు, ఆ టైమ్ కాలమ్ తీసేసి, రక్తంలో క్రియాటినిన్, గుండె పంపింగ్ శాతం అనే రెండే అంకెలతో కట్టిన మోడల్, అన్ని కాలమ్‌లతో కట్టినదానికి తీసిపోదని చూపించారు. హృద్రోగ వార్డులో పనిచేసే ఎవరినడిగినా మొదట అడిగేవి ఆ రెండే.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకో మాట. క్లీవ్‌ల్యాండ్ పేరుతో తిరిగే 303 మంది డేటాసెట్‌ను కూడా ‘గుండె రోగుల భవిష్యత్తు’ అని రాసేస్తుంటారు. అందులో ఉన్నది భవిష్యత్తు కాదు, అప్పటికే రక్తనాళాలు సన్నబడ్డాయా లేదా అన్న నిర్ధారణ. రెండు ప్రశ్నలూ వేరు.

పెద్ద ఆస్పత్రి రికార్డుల్లో లొసుగులు ఇంత తేలిగ్గా దొరకవు. బోస్టన్‌లోని రెండు ఆస్పత్రుల రికార్డుల మీద 2018లో వచ్చిన అధ్యయనం దీనికి మంచి ఉదాహరణ. పోల్చి చూసిన 174 ల్యాబ్ పరీక్షల్లో 118కి, ఫలితం ఎంత వచ్చిందన్నదానికంటే పరీక్ష ఏ వేళకు రాశారన్నదే రోగి బతుకుతాడా లేదా అన్నది బాగా చెప్పింది. తెల్లవారుజామున మూడింటికి రక్తం తీయించారంటే డాక్టరుకు అప్పటికే అనుమానం ఉందనేగా అర్థం. అంటే మోడల్ నేర్చుకున్నది రోగి గురించి మాత్రమే కాదు, డాక్టరు కంగారు గురించి కూడా. డ్యూటీ వేళలు మారితే, ఇంకో ఆస్పత్రికి పోతే, ఆ పాఠం చెల్లదు.

ఇలాంటి తప్పు బయటపడే తీరులోనే లాజిస్టిక్ రిగ్రెషన్‌కు నేను ఎక్కువ మార్కులు వేస్తాను. న్యుమోనియా రోగుల మీద లోపలి లెక్క కనిపించే ఒక మోడల్ కట్టి చూస్తే, ఆస్తమా ఉన్నవాళ్లకు చావు ముప్పు తక్కువని తేలింది. గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్లకూ అంతే. కారణం, అలాంటివాళ్లను త్వరగా పట్టించుకుని గట్టి వైద్యం చేయడమే. మోడల్ ఈ మాట పైకే చెప్పింది కాబట్టి మనుషులు పట్టుకుని సరిదిద్దారు. వందల చెట్ల బూస్టింగ్‌లో ఇదే పాఠం దాక్కుని ఉంటే దాన్ని వెతకడానికి వేరే సాధనాలు కావాలి, వెతకాలన్న అనుమానం ముందుగా రావాలి.

న్యూరల్ నెట్‌వర్క్‌కు తిరుగులేని చోటు ముడి ఈసీజీ. అక్కడ కాలమ్‌లు లేవు, గీతలే ఉన్నాయి. పంపింగ్ తగ్గిందా లేదా అన్నది మామూలు ఈసీజీ నుంచే పసిగట్టే మోడల్‌ను అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి బృందం 2019లో ప్రచురించింది; ఏయూసీ 0.93. నాకు అంతకంటే నచ్చింది తర్వాత వాళ్లు చేసిన పని. 22,641 మంది రోగులతో ట్రయల్ పెట్టి, కొన్ని వైద్య బృందాలకు మోడల్ ఫలితం చూపించి, మిగతావాటికి చూపించకుండా పోల్చారు. 90 రోజుల్లో పంపింగ్ తగ్గినట్టు కొత్తగా గుర్తించినవాళ్లు 1.6 శాతం నుంచి 2.1 శాతానికి పెరిగారు. అంకె చిన్నదే. కానీ మోడల్ వల్ల డాక్టరు చేసే పనిలో ఏం మారిందో కొలిచిన ఫలితం ఇది. రికార్డుల మీద కట్టిన మోడళ్లలో ఈ పరీక్షకు నిలబడినవి తక్కువ.

ఇక ఎంచుకోవడం. రోగులు కొన్ని వందలుంటే కొత్త మోడల్ ఊసెత్తకుండా గ్రేస్ లాంటి స్కోరునే తీసుకుని, మీ రోగులకు దాని అంకె సరిపోతోందో లేదో చూసుకోండి. కొన్ని వేలుంటే లాజిస్టిక్, ఫాలో-అప్ లెక్క ముఖ్యమైతే కాక్స్. లక్ష దాటితే బూస్టింగ్‌ను దాని పక్కనే నడపండి. శిక్షణకు వాడినవాటి తర్వాతి సంవత్సరాల రికార్డుల మీద, వీలైతే వేరే ఆస్పత్రి రికార్డుల మీద రెంటినీ పోల్చండి. తేడా రెండు అంచనాల ఊగిసలాటలోనే మునిగిపోతే లాజిస్టిక్‌నే ఉంచుకోండి.

ఒకసారి పెట్టి మరిచిపోయేది కూడా కాదిది. డాపాగ్లిఫ్లోజిన్ అనే మందు హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో మరణాల్ని, మళ్లీ చేరడాన్ని తగ్గిస్తుందని 2019లో ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఆ తర్వాత ఆ తరహా మందులు చికిత్సలో భాగమయ్యాయి. అంతకుముందటి రికార్డుల మీద శిక్షణ పొందిన మోడల్‌కు ఈ మందు సంగతే తెలియదు, కాబట్టి అది నేటి రోగికి ఉన్నదానికంటే ఎక్కువ ముప్పు చూపించే అవకాశముంది. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో కొత్త రికార్డులు కొన్ని తెచ్చి, అందరి లెక్కలోనూ కలిసే స్థిరాంకం ఒక్కటి సవరిస్తే చాలావరకు దారికొస్తుంది. బూస్టింగ్‌కూ పైపైన అలాంటి సవరణ వేయవచ్చు గానీ, మందు వాడేవాళ్లకూ వాడనివాళ్లకూ తేడా చూపించాలంటే ఆ కాలమ్ చేర్చి, తగినన్ని కొత్త రికార్డులు పోగయ్యాక, మళ్లీ మొదటినుంచీ శిక్షణ ఇవ్వాల్సిందే.