నొప్పి ముందు, ముడి వెనక: టెన్నిస్ బంతితో మూడేళ్లు

కుడి భుజం ముందు భాగంలో ఒకటే సలుపు. చెయ్యెత్తితే పోటు, ఆ పక్కకి ఒత్తిగిలితే నిద్ర గోవిందా. నొప్పి ఉన్నచోటే నెలల తరబడి బామ్ రాశాను, కాపడం పెట్టాను. ఏం లాభం లేకపోయింది.

చివరికి ఓ ఫిజియోథెరపిస్ట్ భుజం జోలికే పోకుండా, వీపు మీద రెక్క ఎముక నడిమధ్యన వేలు పెట్టి నొక్కింది. ప్రాణం జివ్వుమంది. వేలున్నది వెనక, నొప్పి లేచింది ముందు! "ఇదేనా మీ నొప్పి?" అంది. అచ్చం అదే. ఆ కండరం పేరు ఇన్‌ఫ్రాస్పినేటస్ అట. కండరంలో బిగుసుకున్న ముడిని (అదే ట్రిగ్గర్ పాయింట్) నొక్కి నొప్పి తగ్గించే పద్ధతిలో నేను పడిపోయింది ఈ ఒక్క సంగతికే: ముడి ఒకచోట, నొప్పి ఇంకోచోట. మెడ పక్క ముడి కణతలో నొప్పిగా తేలుతుంది, పిర్రలో ముడి కాలు పొడవునా లాగి సయాటికా (నడుము నుంచి కాలికి దిగే నరం నొప్పి) ఏమోనని భయపెడుతుంది. అమెరికా అధ్యక్షుడు కెనడీకి వైద్యం చేసిన జానెట్ ట్రావెల్ ఏ కండరం నొప్పి ఎక్కడ తేలుతుందో 1952 నాటికే బొమ్మలతో చూపించారు. నాకు తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది.

ఇక రోజూ గోడకీ వీపుకీ మధ్య టెన్నిస్ బంతి. ముడి దొరికాక అర నిమిషమో నిమిషమో, ఊపిరి బిగబట్టకుండా. మూడు వారాల్లో పై అరలో డబ్బా అందింది.

ఆ ఊపులోనే బోల్తా పడ్డాను. నడుము పట్టేసిందని గట్టి రబ్బరు బంతి పిర్ర కింద పెట్టుకుని, నేల మీద పడుకుని ఫోన్ చూస్తూ పావుగంట గడిపేశాను. లేవబోతే కాలు నాది కాదు! తిమ్మిరి పాదం దాకా దిగింది, రెండు రోజులు మొద్దుబారే ఉంది. పిర్ర సంగతి సరే, నల్లగా కమిలింది. "ముడి నొక్కమన్నాను గానీ నరాన్ని కాదు" అని ఫిజియోథెరపిస్ట్ చేత అక్షింతలు పడ్డాయి. నొప్పి పదికి ఆరు దాటితే ఆపేయాలని అప్పుడు చెప్పింది. ముందే చెప్పి ఉంటే బాగుండేది.

మూడు వారాల్లో అన్నాను కదా, అవే రోజుల్లో మౌస్ దగ్గరికి జరుపుకున్నాను, ఎడమ పక్కకి పడుకోవడం అలవాటు చేసుకున్నాను. బంతి వాటా ఎంతో తేల్చలేను. అసలీ ముడులున్నాయా అన్నదాని మీదే పరిశోధకుల్లో పేచీ ఉంది. నాకైతే నిన్న దొరికిన ముడి ఇవాళ దొరకని రోజులున్నాయి. ఉపశమనమూ ఒకటి రెండు రోజులే, పని ఎక్కువైతే మళ్లీ మొదలు.

నాది కూర్చుని చేసే పని, డిస్క్ బాధ లేదు, రక్తం పలచబడే మందులు వాడను. అందుకే నాకు నడిచింది. తిమ్మిరో, చేతిలో పట్టు తగ్గడమో ఉంటే ముందు డాక్టరు. మెడకు మాత్రం ఇప్పటికీ బంతి పెట్టను, వేళ్లతోనే, అదీ వెనక వైపే. గొంతు పక్కకి పోను.