నల్లగొండలో కెంపు కొనాలంటే: క్లాక్ టవర్ దగ్గరి ఒక దుకాణంపై సమీక్ష

నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్ చుట్టుపక్కల బంగారు దుకాణాలకు కొదవ లేదు గానీ, జాతిరాళ్ల విషయంలో అడిగినదానికి సూటిగా జవాబు చెప్పేవారు అరుదు. మా అక్క మాణిక్యపు ఉంగరం చేయించుకుంటానన్నప్పుడు, తండ్రి తర్వాత కొడుకు నడుపుతున్న ఒక చిన్న దుకాణానికి వెళ్లాము. హంగులేమీ లేవు, పెళ్లిళ్ల కాలంలో కూర్చోవడానికి కుర్చీ కూడా దొరకదు. అయినా ఈ దుకాణానికి మంచి మార్కులే వేస్తాను. ధర చెప్పకముందే ఆ రాయి ఏమిటో చెప్పడం అందుకు కారణం.

దుకాణదారు తెల్ల కాగితం మీద మూడు ఎర్రరాళ్లు పెట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే లూప్‌ను అక్క చేతికిచ్చారు. మొదటిదానిలో గాలి బుడగలున్నాయి, అటూ ఇటూ తిప్పితే పగుళ్ల వెంట నీలి తళుకు కనబడింది. "ఇది అద్దం నింపిన రాయి అక్కా, నిమ్మకాయ రసం తగిలినా ఖరాబైతది" అన్నారు. నాసిరకం కెంపు పగుళ్లలోకి సీసం కలిసిన గాజును కరిగించి నింపిన ఇలాంటి రాళ్లు ఈ శతాబ్దపు తొలి దశకం నుంచి మార్కెట్లో విపరీతంగా పెరిగాయి. ఉంగరం సైజు మార్చేటప్పుడు అవుసలి పెట్టే మంట సెగకు కూడా ఆ గాజు చెడిపోతుంది. రెండవది తయారీ రాయి. అల్యూమినియం ఆక్సైడ్ పొడిని మంటలో కరిగించి కెంపును చేసే పద్ధతిని ఫ్రాన్స్‌కు చెందిన వెర్నూయ్ 1902లోనే వెల్లడించాడు కనుక, అమ్మమ్మ నగలోని రాయి కదా, గనిలోదే అయి ఉంటుందని నమ్మడానికి వీల్లేదు. అలాంటి రాయిలో గీతలు వంపు తిరిగి ఉంటాయి, భూమిలో పెరిగినదానిలో తిన్నగానో కోణాలుగానో ఉంటాయి. మూడవది మొజాంబిక్ నుంచి వచ్చిన, వేడి చేసి రంగు తేర్చిన కెంపు. వేడి చేయడం తప్పు కాదు, అంగట్లో దొరికే అసలు కెంపుల్లో చాలావరకు అలాంటివే. ఆ సంగతి దాచి అమ్మడమే తప్పు.

లోపలి పసుపు దీపాల కింద ఎర్రరాళ్లన్నీ బాగానే ఉంటాయని తానే ఒప్పుకొని, రాయిని గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూపించడం నాకు మరింత నచ్చింది. ఆపై నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద పెడితే అది నిప్పుకణికలా ఎర్రబడింది. ఆ రంగుకూ ఈ మెరుపుకూ మూలం క్రోమియమే. బర్మాలోని మొగోక్ కెంపుల్లో ఇనుము తక్కువ కనుక అవి ఎండలోనే కణకణలాడతాయని పేరు. అయితే తయారీ రాయి కూడా ఈ దీపం కింద గట్టిగానే మెరుస్తుంది కాబట్టి మెరుపును చూసి అసలో నకిలీయో తేల్చలేము. ఈ ఒక్క మాట ఆయన చెప్పలేదు, చెప్పి ఉండవలసింది.

ఎరుపును చూసి మోసపోవడం కొత్తేమీ కాదు. బ్రిటిష్ రాజకిరీటం ముందుభాగాన ఉన్న 'బ్లాక్ ప్రిన్స్ రూబీ' నిజానికి స్పినెల్ అనే వేరే ఖనిజం. ఈ రెంటికీ గల తేడా 18వ శతాబ్దం చివర గానీ శాస్త్రీయంగా తేలలేదు. మన వైపు కెంపు సూర్యుడి రాయి. బలాసురుడి రక్తాన్ని తీసుకుపోతున్న సూర్యుణ్ణి రావణుడు అడ్డగించగా అది సింహళంలోని నదిలో పడి పద్మరాగమైందని, అంటే కెంపైందని గరుడపురాణం చెబుతుంది. మేమున్నంతసేపూ సిద్ధాంతి రాసిచ్చిన చీటీలతో, ఉంగరపు వేలికి ఇన్ని రత్తీల (రాళ్లు తూచే పాత కొలత) మాణిక్యం కావాలంటూ వచ్చేవారే ఎక్కువ. అలాంటివారికి కూడా, పేదవారని చూసి గాజు నింపినది అంటగట్టకుండా, చిన్నదైనా సహజమైనది తీసుకోమని చెప్పడం విన్నాను. జాతకాల మీద నాకు పట్టింపు లేదు, మాట తీరు మీద ఉంది.

లోటల్లా బిల్లులోనే. ఉంగరం మొత్తం బరువు నుంచి రాయి బరువు తీసేసి బంగారానికి మాత్రమే వెల కట్టారు, హాల్‌మార్క్ సంఖ్య వేశారు, అంతవరకు సక్రమమే. కానీ హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతకే పూచీ, రాయికి కాదు. రాయి ఉండవలసిన చోట 'స్టోన్' అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. గట్టిగా అడిగితే 'సహజ కెంపు, వేడి చేసినది' అని, క్యారెట్ల బరువుతో సహా చేత్తో రాసి సంతకం పెట్టారు. ల్యాబ్ సర్టిఫికెట్ కావాలంటే ఖర్చు కొనేవారిదే. చిన్న రాయికి అది దండగ, రెండు మూడు క్యారెట్లు దాటితే మాత్రం పట్టుబట్టి తీసుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు బంగారానికి ఆనాటి ధర ఇస్తామన్నారు గానీ రాయికి ఎంత ఇస్తారో కాగితం మీద పెట్టడానికి ఒప్పుకోలేదు.