శ్వేత కుబ్జం ఎలా పేలుతుంది: తోడు నక్షత్రాన్ని తినా, మరో కుబ్జంతో కలిసా?

టైప్ 1ఏ సూపర్‌నోవాకు (అంటే ఇంధనం అయిపోయిన నక్షత్రం మిగిల్చిన చిన్న, దట్టమైన శ్వేత కుబ్జం పూర్తిగా పేలిపోవడానికి) రెండు దారులు చెబుతారు.

మొదటిది: పక్కనున్న మామూలు నక్షత్రం నుంచి వాయువు లాక్కుంటూ చంద్రశేఖర్ అవధి (శ్వేత కుబ్జం తట్టుకోగల గరిష్ఠ బరువు, సుమారు 1.4 సూర్యులంత) దగ్గరికి చేరడం.
రెండోది: రెండు శ్వేత కుబ్జాలు గురుత్వ తరంగాలుగా శక్తి పోగొట్టుకుంటూ దగ్గరై కలిసిపోవడం.

బరువు: మొదటి దారిలో ఇదే అసలు తలనొప్పి. హైడ్రోజన్ నెమ్మదిగా పడితే మధ్యమధ్యలో నోవాలు (పైపొరలో చిన్న పేలుళ్లు) పేలి, కూడబెట్టినదంతా ఎగిరిపోతుంది. రెండో దారిలో బరువుకు కొరత తక్కువ.
ప్రమాదం: రెండో దారిలో పేలకుండానే న్యూట్రాన్ తారగా (ఇంకా దట్టమైన నక్షత్ర శేషంగా) కుంగిపోవచ్చు.
మిగిలేది: మొదటి దారిలో తోడు నక్షత్రం. రెండో దారిలో సాధారణంగా ఏమీ మిగలదు.

2011లో ఎం101 గెలాక్సీలో, సుమారు 2.1 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, ఎస్ఎన్ 2011ఎఫ్ఈ అనే టైప్ 1ఏ పేలుడు కనిపించింది. అంతకుముందు హబుల్ తీసిన ఫొటోలు వెతికితే, సరిగ్గా ఆ చోట తోడుగా ఉండదగ్గ ఎర్రటి రాక్షస తార (బాగా ఉబ్బిన ముసలి నక్షత్రం) ఏదీ లేదు! చిన్న తోడు ఉండే అవకాశం పూర్తిగా పోలేదు కానీ, నా దృష్టిలో ఆ ఖాళీ చోటు రెండో దారికి చాలా గట్టి సాక్ష్యం.

పీటీఎఫ్ 11కేఎక్స్ అనే మరో సూపర్‌నోవాలో లాగా పేలుడు చుట్టూ హైడ్రోజన్ వాయువు కనిపిస్తే మొదటి దారికే మొగ్గాలి. వయసు మళ్లిన గెలాక్సీలో, హైడ్రోజన్ జాడే లేకుండా పేలితే రెండోదే బాగా నప్పుతుంది.